ఒంటి పొర అయస్కాంతము: విడువరాని నియమము

శాస్త్రగ్రంథములలో "అయినచో" అను మాటకు జరుగునంత అన్యాయము మఱి యే మాటకును జరుగుట లేదు. సూత్రమును వల్లెవేయు విద్యార్థి మొట్టమొదట విడిచిపెట్టునది ఆ మాటనే. ప్రశ్నోత్తరముల గైడులు వ్రాయువారు తావు చాలదని దానిని కొట్టివేయుదురు. "పీడనము పెరిగిన వాయువు యొక్క ఘనపరిమాణము తగ్గును" అని వ్రాసిన బాలుని, ఉష్ణోగ్రత మారకుండవలెనను నియమమెక్కడ నని అడుగువారు అరుదు.

ఈ అలవాటు పరీక్షలతో పోవునది కాదని నా నమ్మకము. నియమమును విడిచి ఫలితమును మాత్రమే మోయు వాక్యము పెద్దల నోటను చేరి, దశాబ్దముల పాటు నిలిచి, చూడదగిన దానిని చూడనీయక అడ్డుపడగలదు. ఇందులకు అయస్కాంత శాస్త్రమున మంచి నిదర్శనము కలదు. అది "ఒక్క పొర మాత్రమే మందము గల రేకు అయస్కాంతము కాగలదా?" అను ప్రశ్న. మన పాఠ్యపుస్తకములలో ఈ ప్రశ్న లేదు. పై తరగతుల విద్యార్థులకు దీనిని చెప్పదగునని నా అభిప్రాయము గనుక, దాని వృత్తాంతమును ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాను.

ఇనుప ముక్కలోని ఒక్కొక్క పరమాణువును ఒక చిన్న దిక్సూచి ముల్లు వంటిదని తలంపుడు. ఇరుగుపొరుగు ముల్లులు ఒకే దిక్కునకు తిరిగియున్నచో శక్తివ్యయము తక్కువ. వేడిమి మాత్రము ప్రతి ముల్లును తోచినట్లు త్రిప్పజూచును. ఈ పెనుగులాటలో ఇనుము 770 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు తన క్రమమును నిలుపుకొని, అంతకు మీదట సూదంటురాయి గుణమును కోల్పోవును. నికెలునకు ఆ హద్దు సుమారు 355 డిగ్రీలు. గడోలినియము అను లోహమునకు సుమారు 20 డిగ్రీలే; మన వేసవి మధ్యాహ్నమున అది అయస్కాంతముగా నిలువజాలదు. పియరీ క్యూరీ 1895లో ఈ సంగతులను శ్రద్ధతో కొలిచి ప్రకటించినందున ఈ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత యందురు. కొలత అప్పుడే తెలిసినది. ఇట్టి నిశితమైన హద్దు ఏల యుండవలెను, గుణము కొంచెము కొంచెముగా మాసి ఏల పోరాదు అను సంగతి మాత్రము చిరకాలము తెలియలేదు.

1907లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు పియరీ వైస్ ఒక సులభమార్గమును త్రొక్కెను. ప్రతి ముల్లును తన పొరుగువానిని కాక మొత్తము గుంపు యొక్క సగటును చూచి తిరుగునని ఆయన లెక్క. ఈ లెక్కలో వరుసగా పేర్చినను, పొరగా పఱచినను, దిమ్మెగా చేసినను క్యూరీ ఉష్ణోగ్రత వచ్చి తీరును. 1920లో విల్హెల్మ్ లెంజ్ అను జర్మను ఆచార్యుడు మఱియొక నమూనాను సూచించి, తన శిష్యుడగు ఎర్నెస్ట్ ఐజింగునకు దానిని అప్పగించెను. ఇందులో ముల్లు పైకో క్రిందికో మాత్రమే చూడగలదు. ప్రక్కనున్న ముల్లుతో మాత్రమే దానికి పొత్తు. 1924లో హాంబర్గున సమర్పించిన సిద్ధాంత వ్యాసమున ఐజింగు, ఒకే వరుసలోని ముల్లులకు ఈ లెక్కను సంపూర్ణముగా సాధించి, పరమశూన్యమునకు మీదనున్న ఏ ఉష్ణోగ్రతయందును అట్టి వరుస అయస్కాంతము కానేరదని తేల్చెను.

కారణమును డ్రిల్లు మైదానమున నిలిచిన పిల్లలతో చెప్పవచ్చును. వేయిమంది బాలురు ఒకే వరుసలో ఉత్తరముఖముగా నిలిచిరనుకొనుడు. నడుమ ఒకచోట మొదలుకొని చివర వఱకు అందఱును దక్షిణమునకు తిరిగినచో పొసగని జంట ఒక్కటియే. ఆ చీలిక పదవవానియొద్ద వచ్చినను ఐదువందలవవానియొద్ద వచ్చినను వ్యయము మారదు. వరుస ఎంత పొడవో చీలికకు అన్ని తావులు. కావున ఏ కొద్దిపాటి వేడిమియున్నను చీలికలు పుట్టి తీరును. ఇంతవఱకు లెక్క నిర్దోషము. ఐజింగు అంతటితో ఆగక, పొడవు వెడల్పు మందము గల పదార్థమునందును ఈ నమూనా ఫలింపదని ఊహించెను. ఆ ఊహ నిలువలేదు.

ఈ ఐజింగును గూర్చి ఉపాధ్యాయులమగు మేము తెలిసికొనదగినది కొంత కలదు. ఆయన పరిశోధనను విడిచి బడిపంతులైనాడు. యూదుడైన కారణమున 1933లో హిట్లరు ప్రభుత్వము ఆయనను పని నుండి తొలగించెను. పోట్స్‌డాము చెంతనున్న కాపుత్ గ్రామమున యూదు బాలబాలికల పాఠశాలలో చేరి ప్రధానోపాధ్యాయుడయ్యెను. 1938 నవంబరులో అల్లరిమూకలు ఆ పాఠశాలను ధ్వంసము చేసినవి. లక్సెంబర్గునకు పోయి గొఱ్ఱెలను కాచెను. జర్మను సైన్యమునకై రైలు పట్టాలను పెఱుకు కూలిపని చేసెను. 1947లో అమెరికాకు చేరి, మైనాటు పట్టణమందలి ఉపాధ్యాయ కళాశాలలో ఒక సంవత్సరమును, తరువాత పియోరియాలోని బ్రాడ్లీ విశ్వవిద్యాలయమున 1976 వఱకును బోధించెను. తన పేర ఒక నమూనా లోకమంతట వాడుకలోనికి వచ్చినదని ఆయనకు 1949 ప్రాంతమున గాని తెలియలేదు. ఒక్క వరుసకు "కాదు" అను సమాధానమును తప్పులేకుండ చెప్పిన వ్యాసము ఆయనది. సరియైన "కాదు"కు విలువ నీయని పరీక్షాధికారి చేతిలో పడినచో అది ఏ బీరువాలోనో మిగిలిపోవును.

1936లో రుడాల్ఫ్ పైయర్ల్సు, ఒకే పొరగా పఱచిన ముల్లులకు ఫలితము తాఱుమాఱగునని చూపెను. ఆయన వాదము ఎనిమిదవ తరగతి బాలునికిని అర్థమగునంత సుందరము. గళ్ల కాగితమున ప్రతి గడిలోను పైకి చూచు ముల్లున్నదనుకొనుడు. నడుమ కొన్ని గళ్లను క్రిందికి త్రిప్పినచో ఒక ద్వీపము ఏర్పడును. దాని చుట్టు పొసగని జంటల కంచె నిలుచును. ద్వీపము పెద్దదగుకొలది కంచె పొడుగగును, కంచె పొడుగగుకొలది వ్యయము హెచ్చును. వరుసలో చీలికకు వ్యయము పెరుగలేదు, ఇచ్చట పెరుగును. అయినను కంచెలు పలు ఆకారములలో నుండవచ్చును గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని కంచె వేయుచు నడచువానికి ప్రతి మూలయందును ముందుకు, కుడికి, ఎడమకు అను మూడు దారులకంటె ఎక్కువ లేవు. కావున ఒక మెట్టు పెరిగిన, ఆకారముల సంఖ్య మూడింతలకంటె మించదు. చలి హెచ్చి, ఒక మెట్టు కంచె పుట్టుటకు గల అవకాశము మూడవ వంతుకంటె మిక్కిలి తక్కువైనచో పొడుగు కంచెలు అరుదగును. పొర తన దిక్కును నిలుపుకొనును.

ఆ హద్దు ఖచ్చితముగా ఎచ్చటనో 1941లో క్రామర్సు, వానియరు అనువారు గుర్తించిరి. 1944లో నార్వే దేశీయుడగు లార్స్ ఓన్సాగరు ఈ నమూనాకు సంపూర్ణ సాధనను ప్రకటించెను. చదరపు గళ్లపై ఇరుగుపొరుగు బలమును ఒకటిగా కొలిచినచో సంధి ఉష్ణోగ్రత 2.269 వచ్చును. వైస్ మార్గమున అది 4 అని వచ్చును; వరుసకు ఆ మార్గము 2 అని చెప్పగా నిజము సున్న. సగటును నమ్మి పొరుగును మఱచిన లెక్క ఎంతవఱకు దారితప్పునో ఈ అంకెలే చెప్పుచున్నవి.

సంధికి చేరువలో అయస్కాంతత్వము తగ్గు తీరు మఱింత వింతయైనది. 1952లో సి. ఎన్. యాంగు ప్రకటించిన లెక్క ప్రకారము అది, సంధికి మిగిలిన దూరము యొక్క ఎనిమిదవ మూలమును అనుసరించి తగ్గును. వైస్ లెక్కలో అది వర్గమూలము. భేదమును అంకెలలో చూడుడు. సంధికి నూటికి ఒక వంతు దిగువనున్నచో వర్గమూలము 0.1 అగును, ఎనిమిదవ మూలము 0.56 అగును. ఎనిమిదవ మూలము 0.1కి దిగవలెనన్న పది కోట్లలో ఒక వంతు దూరమునకు చేరవలెను. అనగా పొర తన క్రమమును చివరి క్షణము వఱకు పట్టుకొనియుండి, ఒక్కసారిగా విడుచును. ఈ ఎనిమిదవ మూలము పరమాణువు ఏ మూలకమునకు చెందినదని అడుగదు. పరిమాణములు ఎన్ని, ముల్లు ఎన్ని దిక్కులకు తిరుగగలదు అను రెండు ప్రశ్నలకే లోబడును. 1971లో కెన్నెత్ విల్సను దీనికి కారణమును విశదపఱచి 1982లో నోబెలు బహుమానమును పొందెను.

ఇక నా యసలు విషయమునకు వచ్చుచున్నాను. 1966లో డేవిడ్ మెర్మిను, హెర్బర్టు వాగ్నరు అను ఇద్దఱు ఒక సిద్ధాంతమును నిరూపించిరి. ముల్లు పైకి క్రిందికి మాత్రమే కాక అన్ని దిక్కులకును సమానముగా తిరుగగలిగి, దగ్గరివానితో మాత్రమే పొత్తు గలదైనచో, ఒక పొరలో పరమశూన్యమునకు మీదనున్న ఏ ఉష్ణోగ్రతయందును అయస్కాంతత్వము నిలువదు. నిరూపణము కఠినమైనది గాని దాని యూహను కూడికలు గుణకారములు వచ్చిన బాలుడు గ్రహింపగలడు.

అన్ని దిక్కులకు తిరుగగల ముల్లులకు కంచె అక్కఱలేదు. అవి మెల్లమెల్లగా తిరుగవచ్చును. ఒక చివర నుండి మఱియొక చివరకు 180 డిగ్రీలు తిరుగవలెననుకొనుడు. పది మెట్లలో తిరిగినచో మెట్టునకు 18 డిగ్రీలు. నూఱు మెట్లలో తిరిగినచో 1.8 డిగ్రీలు. వ్యయము ఈ కోణము యొక్క వర్గమును అనుసరించును. పదికి పది గల చదరమున నూఱు జంటలు; 18 వర్గము 324; మొత్తము 32,400. నూటికి నూఱు గల చదరమున పదివేల జంటలు, 1.8 వర్గము 3.24, మొత్తము మరల 32,400! చదరము ఎంత పెద్దదైనను దానిని త్రిప్పుటకు వ్యయము మారదు. దిమ్మెలో ఇట్లు కాదు. అచ్చట మొదటిది 3,24,000, రెండవది 32,40,000. పెద్ద దిమ్మెను త్రిప్పుట పది రెట్లు కష్టము. వరుసలోనైనచో మొదటిది 3,240, రెండవది 324. పొడవైన వరుసను త్రిప్పుటయే సులభము. కలిమికిని లేమికిని సరిగా నడుమ నిలిచినది రెండు పరిమాణముల లోకము. ఇట్టి పెద్ద పెద్ద మెలికలను ఆపువారు లేనందున వేడిమి వానిని పుట్టించి దిక్కును చెఱుపును.

ఈ సిద్ధాంతమున "అన్ని దిక్కులకును సమానముగా" అనునది ప్రాణము. మెర్మిను వాగ్నరులు దానిని దాచలేదు. వ్యాసము యొక్క శీర్షికయందే ఆ విశేషణమును చేర్చిరి. అయినను లోకవ్యవహారమున సిద్ధాంతము కుదించుకొనిపోయి, "రెండు పరిమాణములలో అయస్కాంతము లేదు" అను పొట్టి వాక్యమైనది. నిపుణులు నియమమును మఱవలేదు. ఎఱిగినవారు కొలతలను కూడ చేసియే యుండిరి. పొటాసియము, కోబాల్టు, ఫ్లోరినులతో కూడిన ఒక స్ఫటికములో పొరల నడుమ పొత్తు అత్యల్పము. 1974 నాటికే జపాను శాస్త్రజ్ఞులు దానియందు క్రమము తగ్గు తీరును కొలువగా ఘాతాంకము 0.123 అని వచ్చెను. ఎనిమిదవ వంతు 0.125 గదా! 1995లో టంగ్‌స్టను లోహముపై పఱచిన ఇనుప పొరయందును ఓన్సాగరు లోకమే కానవచ్చెను. కాని పొట్టి వాక్యము చదువుకొన్న వారిలో చాలమందికి వేదవాక్యమై నిలిచినది.

2004లో మాంచెస్టరున గైము, నోవోసెలోవు అనువారు గ్రాఫైటును అంటుపట్టీతో ఒలిచి ఒక్క పరమాణువు మందము గల గ్రాఫీనును తీసిరి. గూడూరు ప్రాంతపు అభ్రకమును గోటితో పొరలు పొరలుగా ఒలిచిన మన బాలురకు ఇందులో ఆశ్చర్యము తక్కువ. పొరలోని బంధము గట్టిది, పొరల నడుమ బంధము వదులు. ఇట్లే ఒలువదగిన అయస్కాంత స్ఫటికములు పలు సంవత్సరములుగా ప్రయోగశాలలలో నుండెను. ఒక్క పొరకు ఒలిచి చూచుటకు 2016 వఱకు కాలము పట్టెను. ఆ యేట కొరియా దేశీయులు ఇనుము, భాస్వరము, గంధకములు గల పదార్థమును ఒంటి పొరగా తీయగా, దిమ్మెలో క్రమము నిలుచు ఇంచుమించు 118 కెల్విను డిగ్రీల వఱకే పొరలోను నిలిచెను. అది ఎదురుబొదురుగా చూచు ముల్లుల క్రమము. 2017లో వాషింగ్టను విశ్వవిద్యాలయము వారును మసాచుసెట్సు వారును కలిసి క్రోమియము అయొడైడు ఒంటి పొర నిజమైన అయస్కాంతమని చూపిరి. దాని హద్దు 45 కెల్విను డిగ్రీలు, దిమ్మెకు 61. ఈ స్ఫటికమున ముల్లులకు అన్ని దిక్కులు సమానములు కావు. పొరకు నిలువుగా నిలుచుట వానికి ఇష్టము. ఆ కొద్దిపాటి ఇష్టమే మెలికలను అరికట్టినది. సిద్ధాంతము ఓడలేదు, అది తన నియమము వఱకే మాటాడినది. రెండు పొరలను కలిపినచో అవి ఒకదానికొకటి ఎదురు తిరిగి బలము సున్న యగును. మూడు కలిపినచో మరల అయస్కాంతమగును.

ఇంత పలుచని రేకు బలమును దేనితో కొలిచిరి? అయస్కాంతముపై పడి మరలివచ్చు వెలుతురు యొక్క కంపన తలము ఇంచుక తిరుగును. దీనిని 1877లో ప్రకటించిన జాన్ కెర్, గ్లాస్గోలోని ఫ్రీ చర్చి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గణితము చెప్పుచుండిన వాడు. ట్రెయినింగు కళాశాలలో చదివిన మా వంటి వారికి ఈ సంగతి సంతోషమును కలిగించుట సహజము.

పొట్టి వాక్యము చేసిన కీడు మఱియొకటి కలదు. ముల్లు పొర యొక్క తలములోనే గుండ్రముగా తిరుగునదైనచో సిద్ధాంతము చెల్లును, అయస్కాంతత్వము నిలువదు. అంతమాత్రమున ఏమియు జరుగదని తలంచినవారు దాటిపోవునది గొప్ప విశేషము. బెరిజిన్‌స్కీ 1971లోను, కోస్టర్లిట్జు థౌలెస్సులు 1973లోను చూపినదేమన, చలిలో సుడులు జంటలు జంటలుగా కట్టుబడియుండి, ఒక హద్దు దాటగనే విడివడును. దిక్కు నిలువకయే స్థితి మారును. వీరిలో జీవించియున్న ఇద్దఱకు 2016లో నోబెలు బహుమానములో భాగము లభించెను.

పత్రికలు ఈ పలుచని అయస్కాంతములను గూర్చి వ్రాయునప్పుడు రేపే మన చేతి ఫోనులలోనికి వచ్చునన్నట్లు వ్రాయుచున్నవి. బాలురకు ఇట్లు చెప్పుట నాకు సమ్మతము కాదు. 45 కెల్విను డిగ్రీలనగా సున్నకు దిగువ 228 సెంటీగ్రేడు డిగ్రీలు. క్రోమియము అయొడైడు తేమగాలి తగిలిన చెడిపోవును. ఇనుము, జెర్మేనియము, టెలూరియము గల వేఱొక పదార్థపు పలుచని రేకునకు లిథియము అయానులను చొప్పించి గది ఉష్ణోగ్రత వఱకు అయస్కాంతత్వమును 2018లో షాంఘైవారు నిలిపిరి. అది మంచి వార్తయే. అంగడి సరకు కాదు.

"ఇవన్నియు ఎం.ఎస్సీ. చదువులు; పదవ తరగతి వానికేల?" అని అడుగు తోటి ఉపాధ్యాయులకు నా జవాబు మాటలతో కాక ఒక ఆటతో చెప్పెదను. చదరంగపు బల్లపై అరువదినాలుగు నాణెములను బొమ్మయో బొరుసో పైకుండునట్లు పెట్టుడు. ఈ అంచునకు ఆ అంచు పొరుగని లెక్క. చీటీలు తీసి ఒక గడిని ఎన్నుకొనుడు. నాణెము తన నలుగురు పొరుగువారిలో ఇద్దఱితోనో అంతకు తక్కువ మందితోనో ఏకీభవించినచో త్రిప్పివేయుడు. ముగ్గురితో ఏకీభవించినచో పాచిక వేసి ఆఱు పడిననే త్రిప్పుడు. నలుగురితోను ఏకీభవించినచో రెండు పాచికలు వేసి రెంటను ఆఱు పడిననే త్రిప్పుడు. ఈ ఆట యొక్క ఉష్ణోగ్రత ఓన్సాగరు కొలతలో 2.23. ఆయన సంధి 2.269, మన సామాన్య పాచిక దానికి ఇంచుక దిగువను వచ్చి నిలిచినది! ఆఱుతో పాటు అయిదునకును త్రిప్పవచ్చునని నియమము మార్చినచో ఉష్ణోగ్రత 3.64 అగును, బొమ్మ బొరుసులు కలగాపులగమగును. మొదటి ఆటలో పెద్ద పెద్ద ద్వీపములు పుట్టుచు గిట్టుచు నుండును. అరువదినాలుగు నాణెములతో హద్దు నిశితముగా కనబడదు. అందులకు అంతులేని బల్ల కావలెను. బొమ్మల సంఖ్యను ఇరువది చీటీలకొకసారి గళ్ల కాగితముపై గుర్తించుచు పోయినచో రెండు ఆటల రేఖలకు గల భేదము ఒక మధ్యాహ్నములో తేలును. కావలసినది ఒక బల్ల, రెండు పాచికలు, చిల్లర నాణెములు, చీటీలు తీయుటకు ఒకడు, వ్రాయుటకు ఒకడు.